బిడ్డ మంట అన్నప్పుడు

(సొసైటీ వార్షిక సమావేశంలో, రుద్రారంలో, కుటుంబాల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో మనం పిల్లల ఫీజుల గురించి, పెళ్లి ఖర్చుల గురించి, ఖబ్రస్తాన్ గోడ గురించి మాట్లాడుకుంటూ ఉంటాము. అవన్నీ అవసరమైనవే. ఈసారి పెద్దలు దయతో మాకు ఇచ్చిన సమయాన్ని ఒక చిన్న విషయానికి వాడుకుంటాము. చిన్నవాళ్ల విషయం గనుక చిన్న విషయం అంటున్నాము. రెండేళ్ల, నాలుగేళ్ల, ఆరేళ్ల పిల్లలు ఒంటికి పోయేటప్పుడు మంట అంటారు. దురద అంటారు. వస్తోందని పరుగెత్తి, రెండు చుక్కలు పోసి, మళ్లీ ఏడుస్తారు. నిన్నటిదాకా బుద్ధిగా ఉన్న పిల్ల ఇవాళ చెడ్డీ తడుపుకుంటుంది. అప్పుడు ఇంట్లో పెద్దవాళ్లం ఏం చేయాలి? ఇదీ మా విషయం.

వేదిక మీద ఇలాంటి మాటలేమిటని ఎవరికైనా అనిపిస్తే మన్నించాలి. సిగ్గుపడి మనం దాటేసిన మాటనే బిడ్డ ఒంటరిగా మోస్తూ ఉంటుంది. అందుకే నలుగురిలో చెప్పుకుంటున్నాము.

మొదటి సంగతి. పసిబిడ్డకు తన బాధ ఎక్కడో, ఎలాంటిదో చెప్పే మాటలు ఉండవు. కాస్త మాటలు వచ్చినవాళ్లు, మన ఇళ్లలో అయితే "అమ్మీ, జల్ రా" అంటారు, తెలుగు మాట్లాడే ఇళ్లలో "చురుక్కుమంటోంది" అంటారు. మాటలు రానివాళ్లు కాళ్లు మెలిపెట్టుకుని నిలబడతారు, మడమ మీద కూర్చుంటారు, చెయ్యి అక్కడ పెట్టుకుంటారు. చాలా ఇళ్లలో ఆ చేతి మీద ఒక దెబ్బ పడుతుంది. "ఛీ, చెయ్యి తియ్యి, బేషరమ్" అని ఒక తిట్టు పడుతుంది. ఆడపిల్ల అయితే తిట్టు ఇంకాస్త గట్టిగా పడుతుంది. నాలుగేళ్ల పిల్లకు దీనివల్ల ఏం అర్థమవుతుంది? నొప్పి వస్తే చెప్పకూడదని అర్థమవుతుంది. ఆ తర్వాత చెప్పదు. మంటకు భయపడి ఉచ్చ ఆపుకుంటుంది. ఉచ్చ వస్తుందని నీళ్లు తాగడం మానేస్తుంది. నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడి ఇంకా మండుతుంది. ఆపుకున్న మూత్రంలో క్రిములు పెరగడానికి వీలు దొరుకుతుంది. చూశారా, ఒక్క తిట్టు ఎంత దూరం పోయిందో!

మనకు తెలిసిన మాటే ఒకటి గుర్తు చేస్తాము. ప్రవక్త ముహమ్మద్ (స) ఒడిలో ఒక పసిబిడ్డ మూత్రం పోస్తే, ఆయన నీళ్లు తెప్పించి తడిసిన చోట పోశారు, అంతే. మస్జిదులో ఒక ఎడారివాసి తెలియక మూత్రం పోస్తుంటే జనం మీద పడబోయారు. ఆయన వారిని ఆపి, అతన్ని పూర్తిగా పోయనిచ్చి, ఆ తర్వాత ఒక బిందెడు నీళ్లు పోయించారు. తహారత్ గురించి అంత గట్టిగా చెప్పినవారే ఇంత నెమ్మదిగా నడుచుకున్నారు. శుభ్రం మీద పట్టింపు వేరు, పిల్లల మీద కోపం వేరు అని మనం దీనివల్ల గ్రహించాలి.

సరే, తిట్టలేదు, దగ్గరకు తీసుకున్నాము. తర్వాత ఏం చేయాలి? వెలుతురులో ఒకసారి చూడాలి. తల్లి గాని, బిడ్డకు బాగా దగ్గరైన మనిషి గాని, బిడ్డతో చెప్పి చూడాలి. ఎర్రగా ఉందా, ఒరిసిందా, పుండు ఉందా, చెడ్డీ మీద మరక ఉందా? ఒంటికి జ్వరం ఉందా? రెండు రోజులుగా రెంటికి పోయిందా లేదా? ఈ ప్రశ్నలకు జవాబు దొరికితే సగం దారి తెలిసినట్టే.

మంట అన్న ప్రతిసారీ లోపల జబ్బు ఉందని కంగారు పడనక్కరలేదు. చిన్న ఆడపిల్లల్లో చాలాసార్లు ఆ మంట పైచర్మానిదే. వాసన సబ్బుతో రుద్దడం, స్నానం నీళ్లలో మందు లోషన్లు కలపడం, బట్టల సోడా సరిగా జాడించకపోవడం, బిగుతైన నైలాను చెడ్డీలు, తడి చెడ్డీతోనే సాయంత్రం దాకా ఉండడం, ఇవీ కారణాలు. ఆ చోట చర్మం చాలా పలుచన. శుభ్రం ఎక్కువ చేద్దామని మనం సబ్బు ఎక్కువ వాడితే పుండు మీద కారం చల్లినట్టే అవుతుంది. దానికి మందు వట్టి మంచినీళ్లు. సబ్బు మానేసి, గోరువెచ్చని నీళ్లతో కడిగి, రుద్దకుండా మెత్తని బట్టతో అద్ది, వదులైన నూలు చెడ్డీ వేయాలి. రాత్రి అసలు చెడ్డీ లేకుండా పడుకోబెట్టినా మంచిదే. పసివాళ్లకు డైపరు వేసేవారు అది నిండేదాకా ఆగకుండా మూడు నాలుగు గంటలకొకసారి మార్చాలి.

ఇస్తింజా మన ఇళ్లలో పుట్టుకతో వచ్చిన అలవాటు. చెంబు పట్టుకోవడం మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. అయితే ఎటునుంచి ఎటు కడగాలన్నది పిల్లలకు ఓపికగా నేర్పాలి. ఆడపిల్లలకు ముందునుంచి వెనక్కు కడగాలి. వెనకనుంచి ముందుకు కడిగితే మలంలోని క్రిములు మూత్రం వచ్చే దారికి చేరతాయి. ఆడపిల్లల్లో ఆ దారి చాలా పొట్టిది, క్రిములు సులువుగా మూత్రాశయం దాకా ఎక్కిపోతాయి. కడిగిన తర్వాత పెద్దలూ పిల్లలూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. సబ్బు అవసరమైనది చేతులకు!

రాత్రిపూట దురద అని ఏడిస్తే నులిపురుగులను అనుమానించాలి. తెల్లని దారపు ముక్కల్లాంటి సన్నని పురుగులు రాత్రి వెనక దారిలోంచి బయటకు వచ్చి గుడ్లు పెడతాయి. పిల్ల గోకుతుంది, గుడ్లు గోళ్లలోకి పోతాయి, తెల్లవారి నోట్లోకి పోతాయి. ఆడపిల్లల్లో ఆ పురుగులు ముందువైపుకు కూడా పాకి మంట పుట్టిస్తాయి. దీనికి డాక్టరు చెప్పిన మందు ఇంటిల్లిపాదీ ఒకేసారి వేసుకోవాలి, రెండు వారాలకు మళ్లీ వేసుకోవాలి. ఒక్క పిల్లకే వేస్తే పక్కనే పడుకున్న అన్నదమ్ముల నుంచి తిరిగి అంటుతుంది. 2015 నుంచి ప్రభుత్వం నులిపురుగుల దినాన బడుల్లో, అంగన్‌వాడీల్లో ఆల్బెండజోల్ మాత్ర ఇస్తున్నది. ఆ రోజు పిల్లలను బడి మాన్పించకండి.

ఇంకొకటి మలబద్ధకం. దీనికీ మూత్రానికీ సంబంధమేమిటని అడగవచ్చు. రెండు సంచులూ పక్కపక్కనే ఉంటాయి. వెనక సంచిలో గట్టిపడ్డ మలం నిండితే ముందు సంచిని నొక్కుతుంది. అప్పుడు మూత్రం పూర్తిగా బయటకు రాదు, మాటిమాటికీ వచ్చినట్టుంటుంది, చెడ్డీలో చుక్కలు పడతాయి. ఇలాంటి పిల్లకు పండ్లు, ఆకుకూరలు, నీళ్లు పెంచాలి. అన్నం తిన్నాక పది నిమిషాలు కాళ్లు ఆనేటట్టు కూర్చోబెట్టాలి. చాలామందికి దానితోనే మూత్రం బాధ కూడా తగ్గుతుంది.

ఇక అసలు జాగ్రత్తపడవలసినది మూత్రంలో ఇన్ఫెక్షన్. ఇది అరుదైనదేమీ కాదు. విదేశాల్లో తీసిన లెక్కల ప్రకారం ఏడేళ్లలోపు ఆడపిల్లల్లో నూటికి సుమారు 8 మందికి, మగపిల్లల్లో 2 మందికి ఒకసారైనా వస్తుంది. మంటతో పాటు జ్వరం, చలి, వాంతి, పొత్తికడుపులో గాని నడుములో గాని నొప్పి ఉంటే క్రిములు మూత్రపిండాల దాకా పోయి ఉండవచ్చు. సంవత్సరంలోపు పిల్లలు మంట అని చెప్పలేరు. దగ్గు లేదు, జలుబు లేదు, కాని జ్వరం వదలడం లేదు, పాలు తాగడం లేదు, బరువు పెరగడం లేదు అంటే మూత్ర పరీక్ష చేయించి తీరవలసిందే. మూడు నెలలలోపు బిడ్డకు 100.4 డిగ్రీల జ్వరం వచ్చినా తెల్లవారేదాకా ఆగకూడదు. ఆలస్యమైతే, లేదా మళ్లీ మళ్లీ వస్తే, మూత్రపిండం మీద మచ్చ పడవచ్చు. ఆ మచ్చ పోదు. కొందరికి పెద్దయ్యాక రక్తపోటుగా బయటపడుతుంది.

ఇక్కడ మన పెద్దమ్మలకు, నానిమాలకు ఒక మనవి. "వేడి చేసింది" అని బార్లీ నీళ్లు, సబ్జా, పలుచని మజ్జిగ ఇస్తారు. ఇవ్వండి, నీళ్లు కడుపులోకి పోవడం మంచిదే. మాడుకు ఆముదం పెడతారు, నజర్ తీస్తారు, దమ్ చేయిస్తారు. దుఆకు ఎవరూ అడ్డు చెప్పరు. అయితే జ్వరం ఉన్న బిడ్డకు అవి మాత్రమే చేసి రెండు రోజులు గడపకండి. దుఆ చేస్తూనే ఆటో ఎక్కండి.

ఖత్నా గురించి కూడా చెప్పాలి. ఖత్నా అయిన మగపిల్లల్లో, ముఖ్యంగా మొదటి సంవత్సరంలో, ఈ ఇన్ఫెక్షన్ తక్కువగా వస్తుందని వైద్యులు ఒప్పుకున్న సంగతే. తక్కువ అంటే అసలు రాదని కాదు. కాబట్టి "మా వాడికి ఖత్నా అయింది, వాడికెందుకు వస్తుంది" అని పరీక్ష ఆపవద్దు. ఖత్నా చేయించేటప్పుడు శుభ్రమైన పరికరాలతో, శిక్షణ ఉన్నవారి చేత, డాక్టరు సమక్షంలో చేయించడం మేలు. ఆ తర్వాత రక్తం ఆగకపోయినా, ఆరేడు గంటలు దాటినా మూత్రం రాకపోయినా, జ్వరం వచ్చినా వెంటనే తీసుకుపోవాలి. కొందరికి కొన్నాళ్లకు మూత్రం వచ్చే రంధ్రం సన్నబడి ధార దారంలా, పైకి చిమ్మినట్టు వస్తుంది. అది అల్లరి కాదు, డాక్టరుకు చూపించవలసిన సంగతి.

పరీక్ష అనగానే భయం వద్దు. వట్టి నీళ్లతో కడిగి, మొదట వచ్చిన కొంచెం వదిలేసి, మధ్యలో వచ్చే మూత్రాన్ని ల్యాబువాళ్లు ఇచ్చిన శుభ్రమైన డబ్బాలోనే పట్టాలి. ఇంట్లోని మందు సీసా పనికిరాదు. పట్టిన గంటలోపు అందజేయాలి. మామూలు పరీక్ష ఆ పూటకే తెలుస్తుంది. క్రిమి ఏది, దానికి ఏ మందు పనిచేస్తుంది అని చెప్పే కల్చర్ పరీక్షకు రెండు మూడు రోజులు పడుతుంది. దాని నమూనా మందు మొదలుపెట్టక ముందే ఇవ్వాలి. ముందు మాత్ర మింగించి తర్వాత పరీక్షకు పోతే క్రిమి దాక్కుంటుంది, జబ్బు మాత్రం పోదు.

ఈ మాట మన ప్రాంతంవాళ్లకు మరీ ముఖ్యం. ఎందుకో చెబుతాము. ఇస్నాపూర్, పాశమైలారం, పటాన్‌చెరు చుట్టుపక్కల మందుల కంపెనీల్లో మనవాళ్లు ఎందరో పనిచేస్తున్నారు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం ఒక పరిశోధన ప్రచురించింది. సుమారు 90 మందుల కంపెనీల మురుగునీరు వచ్చి చేరే పటాన్‌చెరు శుద్ధి కేంద్రంలో, శుద్ధి అయి బయటకు వచ్చే నీటిని వారు పరీక్షించారు. లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు దొరికింది. ఆ మాత్ర మింగిన మనిషి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. పెద్దవాళ్ల మూత్రపు ఇన్ఫెక్షన్లకు డాక్టర్లు ఎంతోకాలంగా వాడుతున్న మందు అది. అది అప్పటి కొలత. ఫలానా పిల్ల జ్వరానికి ఆ నీరే కారణమని మేము అనడం లేదు. కాని మందు అస్తమానం తగులుతూ ఉంటే క్రిములు దానికి అలవాటుపడి మొండివవుతాయన్న పాఠం ప్రపంచానికి మన వాగుల ఒడ్డునుంచే పోయింది. మందుల దుకాణానికి వెళ్లి "పాపకు ఉచ్చమంట, ఏదన్నా మాత్ర ఇవ్వు భాయ్" అని అడిగి, రెండు పూటలు వేసి, తగ్గగానే ఆపేస్తే, ఆ పాఠాన్నే మనం మన బిడ్డ కడుపులో మళ్లీ చేస్తున్నట్టు. పెద్దవాళ్ల కోసం రాసిన సిప్రోఫ్లాక్సాసిన్ ముక్క విరిచి పిల్లలకు వేయడం ముమ్మాటికీ తప్పు. డాక్టరు వారమన్నా, పది రోజులన్నా, మంట తగ్గినా, చెప్పినన్ని రోజులూ వేయాలి.

ఎక్కడికి పోవాలి అంటే, పటాన్‌చెరులో ఏరియా ఆసుపత్రి ఉంది. సంగారెడ్డిలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది, దాని ఆసుపత్రి ఉంది. పెద్ద అవసరమైతే హైదరాబాదులో 1953 నుంచి తల్లీపిల్లలకు సేవ చేస్తున్న నీలోఫర్ ఆసుపత్రి ఉండనే ఉంది. అత్యవసరమైతే 108కి ఫోను చేయాలి. మూత్రం ఎర్రగా గాని టీ రంగులో గాని వచ్చినా, పొద్దున లేచేసరికి మొహం ఉబ్బినా, మూత్రం అసలు రాకపోయినా ఆ రోజే చూపించాలి. పక్క తడపడం మానేసిన పిల్ల మళ్లీ తడుపుతూ, విపరీతంగా దాహమంటూ, చిక్కిపోతూ ఉంటే ఆ రోజే షుగరు పరీక్ష చేయించాలి. పిల్లలకూ షుగరు వస్తుంది. ఆ లక్షణాలను బద్ధకమనుకుని కొట్టిన ఇళ్లు ఉన్నాయి.

ఇప్పుడు ఇంటి బయటకు వద్దాము. మన రుద్రారం హైదరాబాదు - ముంబయి రోడ్డు మీద ఉంది. ఫ్యాక్టరీల వల్ల ఎక్కడెక్కడినుంచో కుటుంబాలు వచ్చి కిరాయి గదుల్లో ఉంటున్నాయి. కొన్నిచోట్ల వరసగా ఉన్న గదులన్నింటికీ ఒకటే బాత్‌రూం. తండ్రి రాత్రి షిఫ్టుకు పోతాడు, తల్లి పొద్దున పనికి పోతుంది. చీకట్లో ఒంటరిగా అంత దూరం పోలేక పిల్ల తెల్లవార్లూ ఆపుకుంటుంది. బడిలో కూడా అదే కథ. మరుగుదొడ్డిలో నీళ్లు లేవని, గడియ లేదని, కంపు కొడుతుందని పిల్లలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా పోరు. సీసాలో నింపి పంపిన నీళ్లు సీసాలోనే తిరిగివస్తాయి. తల్లులారా, సాయంత్రం ఆ సీసా ఎత్తి చూడండి, సగం సంగతి అదే చెబుతుంది. నాలుగు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు రోజుకు లీటరు, లీటరుంబావు ద్రవాలు లోపలికి పోవాలి. రెండు మూడు గంటలకొకసారి ఒంటికి పోవాలి.

ఇది మనం బతిమాలుకుని అడిగే దయ కాదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యాహక్కు చట్టంలో ఆడపిల్లలకు, మగపిల్లలకు వేరువేరు మరుగుదొడ్లు ఉండాలని రాసి ఉంది. 2012 అక్టోబరులో సుప్రీంకోర్టు దేశంలోని బడులన్నింటిలో నీళ్లు, మరుగుదొడ్లు ఆరు నెలల్లో ఏర్పాటు చేయాలని ఆదేశించింది. కాబట్టి బడి కమిటీ సమావేశానికి పిలిస్తే మార్కులు ఒక్కటే అడిగి రావద్దు. గడియ ఉందా, నీళ్లు ఉన్నాయా, పాఠం మధ్యలో అడిగితే పంపుతున్నారా అని అడగండి. టీచరమ్మలు, సార్లు కూడా మన బిడ్డల మేలు కోరేవాళ్లే. మర్యాదగా చెబితే వింటారు.

మరొక మాట చెప్పడం కష్టమే, అయినా చెప్పక తప్పదు. బిడ్డ అక్కడ నొప్పి అంటే, అరుదుగానైనా, ఎవరో చేయరాని పని చేసి ఉండవచ్చు. ఫలానా ఇంటికి పోనంటే, ఫలానా మనిషిని చూసి బెదిరితే, దెబ్బ గాని రక్తం గాని కనిపిస్తే, గుచ్చి గుచ్చి అడగవద్దు, అరవవద్దు. "నువ్వు చెప్పింది నేను నమ్ముతున్నాను, తప్పు నీది కాదు" అనండి. డాక్టరుకు చూపించండి. పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేయండి. ఇలాంటి వాటికి 2012లో వచ్చిన పోక్సో చట్టం ఉంది. ఇజ్జత్ పోతుందని కప్పిపెడితే తప్పు చేసినవాడికే మేలు. మామూలు మంటకు తిట్లు తిన్న పిల్ల ఈ పెద్ద బాధ మనకు చెబుతుందా? చిన్న మాట విన్న తల్లికే బిడ్డ పెద్ద మాట చెబుతుంది.

చివరగా సొసైటీ ముందు మూడు మనవులు పెడుతున్నాము. వచ్చే ఏడాదిలో ప్రతి బస్తీలో ఇద్దరేసి అక్కలు జ్వరం చూసే థర్మామీటరు, మూత్రం పట్టే శుభ్రమైన డబ్బాలు దగ్గర ఉంచుకుని, అడిగినవారికి ఇవ్వాలి. పరీక్షకు ఆటో ఖర్చు లేదని ఏ తల్లీ ఆగిపోకుండా సొసైటీ నిధిలో కొంత పక్కన పెట్టాలి. మన పిల్లలు చదివే బడుల్లో, మక్తబుల్లో మరుగుదొడ్లను ఏడాదికి రెండుసార్లు మన సభ్యులే వెళ్లి చూసి, పాడైన గడియ, కుళాయి బాగు చేయించాలి. ఇందులో పెద్ద ఖర్చు లేదు. ఒక దావత్‌లో ఒక డేగ్ బిర్యానీ తగ్గిస్తే ఏడాదంతా గడుస్తుంది.

ఇంటికి పోయాక మీరు చేయవలసింది ఇంకా తేలిక. ముందు బిడ్డ మాట వినండి, తర్వాత పరీక్ష చేయించండి, ఆ తర్వాతే మందు వేయండి. ఈ వరస తప్పనివ్వకండి.  అల్లాహ్ మన పిల్లలను చల్లగా చూడుగాక. వస్సలాం.